నాలుగు గంటలేగా!

మన వారపత్రికల యాత్రావ్యాసాల్లో సింగపూర్‌కి ఉన్న గిరాకీ ఈ మధ్య కాశీకి కూడా లేదు. కొన్నేళ్ళుగా నా కంటబడినవన్నీ చదువుతూ వస్తున్నాను. రాసేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ కావడం నాకు సంతోషం. కొడుకో కూతురో అక్కడ ఉద్యోగంలో ఉంటారు. పురిటికో, గృహప్రవేశానికో, ఊరికే చూసి రమ్మనో పిలుస్తారు. వీళ్ళు వెళ్ళి, చూసి, తిరిగొచ్చి రాస్తారు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, బాగానే రాస్తారు. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి, ముస్తఫా దుకాణంలో బేరాలు, వీధుల శుభ్రం, అన్నీ కళ్ళకు కట్టేట్టే ఉంటాయి. కాని ఒక్క చోట మాత్రం నాకు ప్రతిసారీ పంటికింద రాయి పడుతుంది. మాది చీమకుర్తి. రాళ్ళ ఊరివాళ్ళం కనుక రాయి పడితే ఇట్టే తెలుస్తుంది.

ఆ రాయి రెండో పేరాలో ఉంటుంది. “మద్రాసు నుంచి సింగపూర్ 2,900 కిలోమీటర్లు. విమానంలో నాలుగు గంటల ప్రయాణం.” మూడో పేరా మొదలయ్యేసరికి రచయిత్రి చాంగీ విమానాశ్రయంలో తివాచీ మీద నడుస్తూ ఉంటుంది. ఇంటి గడపకీ ఆ తివాచీకీ మధ్య ఉన్నదంతా ఆ రెండు వాక్యాల్లో కొట్టుకుపోయింది. మన సీరియల్ నవలల్లోనూ ఇంతే కదా. వారం చివర నాయిక విమానం మెట్లెక్కుతుంది, వచ్చేవారం మొదట్లో మెట్లు దిగుతుంది. నవలకి అది చెల్లుతుంది, ఆమె దిగాక జరగాల్సిన కథ వేరే ఉంది గనక. యాత్రావ్యాసానికి చెల్లదని నా వాదన. వెళ్ళడమే యాత్ర. చేరడం అందులో చివరి అంకం.

అంకెలు తప్పని నేననడం లేదు. మద్రాసు నుంచి (చెన్నై అని పేరు మారి 1996 నుంచి ఇన్నేళ్ళయినా మా జిల్లాలో చాలామంది నోట మద్రాసే) సింగపూర్‌కి గాలిలో గీత గీస్తే 2,900 కిలోమీటర్ల పైచిలుకే. విమానం గంటకు ఎనిమిది వందల యాభై కిలోమీటర్లు పోతుందనుకుంటే మూడున్నర గంటలు చాలు. మిగిలిన అరగంట ఎక్కడికి పోయిందంటారా? నేలమీద పాకడానికీ, పైకెక్కడానికీ, దిగే ముందు వరసలో తిరగడానికీ. టైముటేబిల్లో రాసే గంటలు విమానం తన చోటునుంచి కదిలిన క్షణం మొదలు అవతల తన చోట ఆగే క్షణం దాకా లెక్క. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

అయితే ఈ లెక్క విమానానిది, మనిషిది కాదు. మనిషి లెక్క మా చీమకుర్తి బస్టాండు నుంచి వెయ్యండి. ఒంగోలు ఇరవై కిలోమీటర్ల పైన. రాళ్ళ లారీల వెనకాల పడి పోయి, రైలు కోసం ముందుగా చేరి కూర్చోవాలి గనక గంటన్నర. అక్కడినుంచి మద్రాసు సెంట్రల్ సుమారు మూడు వందల కిలోమీటర్లు, అయిదు గంటలు. సెంట్రల్ నుంచి మీనంబాకం చేరడానికి గంటన్నర. విదేశీ ప్రయాణం కనుక మూడు గంటలు ముందు అక్కడుండాలి. తరవాత ఆ నాలుగు గంటలు. చాంగీలో పాస్‌పోర్టు వరస, పెట్టెలు, అక్కడినుంచి పిల్లల ఇల్లు, ఇంకో గంటన్నర. కూడండి. పదహారున్నర గంటలు. అందులో విమానం గాలిలో తిప్పింది నాలుగో వంతు. మన వ్యాసకర్తలు ఆ నాలుగో వంతును చెప్పి ముప్పాతికను దాచేస్తున్నారు. 2018 చివర విజయవాడ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం పడింది, 2019 మధ్యలోనే ఆగిపోయింది. అది నడిచిన ఆ కొద్ది నెలల్లో వెళ్ళినవాళ్ళకి కాస్త కలిసొచ్చి ఉంటుంది. వాళ్ళూ రెండో పేరాలో అదే వాక్యం రాశారు, మద్రాసు బదులు విజయవాడ పెట్టి.

గడియారం సంగతి ఇంకా విచిత్రం. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు. ఇక్కడ రాత్రి పదకొండున్నరకు ఎక్కితే అక్కడి గడియారంలో తెల్లారి ఆరుకు దిగుతారు. చూడ్డానికి ఆరున్నర గంటలు. వచ్చేటప్పుడు అక్కడ రాత్రి తొమ్మిదికి ఎక్కితే ఇక్కడ పదిన్నరకే దిగుతారు. చూడ్డానికి గంటన్నర! ఒకావిడ వ్యాసంలో ఈ రెండు అంకెలనూ అలాగే రాసేసి, వచ్చేటప్పుడు గాలి వాటంగా ఉండబట్టి తొందరగా వచ్చామని సంతోషించింది. గాలివల్ల కొన్ని నిమిషాలు అటూ ఇటూ కావచ్చు గాని అయిదు గంటలు మిగలవమ్మా. ఆవిణ్ణి తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆ పేజీ దాకా ఎంతమంది చేతులు మారి ఉంటుందో, ఒక్కరూ వేళ్ళు మడిచి లెక్క చూసుకోలేదు. ప్రయాణం భాగాన్ని మనం ఎంత శ్రద్ధగా చదువుతామో దీన్నిబట్టే తెలుస్తోంది.

ఆ రెండున్నర గంటలు కూడా ఆకాశం నుంచి ఊడిపడ్డవి కావు. 1981 ఆఖరు దాకా సింగపూర్ మనకు రెండు గంటలే ముందు. మలేషియా తన రెండు భాగాలకూ ఒకే గడియారం పెట్టుకుంటే పొరుగునున్న సింగపూర్ కూడా దానితో కలిసింది. 1982 జనవరి 1న అక్కడి గడియారాలు అరగంట ముందుకు జరిగాయి. ఆ ఏడు కొత్త సంవత్సరం వాళ్ళకి అరగంట ముందే వచ్చేసిందన్నమాట. ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, సముద్రం ఎండలేదు, పొంగలేదు. కాని తల్లి నిద్ర లేచేవేళకీ బిడ్డ నిద్ర లేచేవేళకీ మధ్య ఎడం అరగంట పెరిగింది. ఇలాంటి సంగతి ఒక్కటి దొరికితే యాత్రారచయిత్రికి పండగ కావాలి. నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఇది తగల్లేదు.

దానికి బదులు అన్నిట్లోనూ తగిలేది మబ్బుల వర్ణన. “కిటికీలోంచి చూస్తే దూదిపింజల్లా మబ్బులు.” మద్రాసులో రాత్రి పదకొండింటికి ఎక్కానని రాసినావిడకి కూడా దూదిపింజలు కనిపించాయి! పోనీ, పున్నమి అనుకుందాం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఒక్క మనవి. పత్తి మనకు పోలిక కాదు, పని. ఎండిన కాయ తొక్క వేళ్ళ సందున సూదిలా దిగుతుంటే ఒడిలోకి దూది తీసిన చేతులు మన ఇళ్ళల్లో ఉన్నాయి. ఆ చేతులున్న మనిషి విమానం కిటికీ దగ్గర కూర్చుంటే మబ్బుని చూసి ఏమనుకుంటుందో అది రాస్తే నేను పదిసార్లు చదువుతాను. చేలో దిగని దూదిపింజ నాకెందుకు?

మబ్బుల కింద ఏముందో చెప్పినవాళ్ళూ తక్కువే. మద్రాసు దాటగానే బంగాళాఖాతం. దానిమీద సగానికి పైగా దూరం పోయాక నికోబార్ దీవుల దక్షిణపు కొసకీ సుమత్రా ఉత్తరపు కొసకీ దగ్గరగా దారి. అక్కణ్ణుంచి మలక్కా జలసంధి వెంబడి సింగపూర్. 2004 డిసెంబరు 26 ఉదయం సముద్రగర్భం కంపించింది ఆ సుమత్రా దగ్గరే. అక్కడ లేచిన కెరటం రెండు రెండున్నర గంటల్లో మన తూర్పు తీరానికి వచ్చింది. మా ప్రకాశం తీరాన్నీ తాకింది. నడిసముద్రంలో అలాంటి కెరటం ఇంచుమించు విమానం వేగంతోనే వస్తుందట. ఆ నీళ్ళమీదుగా పోతూ ట్రేలో పెట్టిన కేకు రుచి గురించి అరపేజీ రాసినవాళ్ళున్నారు. కేకు రాయవద్దనను. కింద నీళ్ళున్నాయని కూడా ఒక మాట రాయమంటాను.

అసలు ఆ నీళ్ళు తెలిసిన తరం ఒకటి ఉండేది. బ్రిటిష్ ఇండియా కంపెనీవారి ‘రజూలా’ ఓడ 1926 నుంచి దాదాపు యాభై ఏళ్ళు మద్రాసు నుంచి నాగపట్నం, పినాంగు మీదుగా సింగపూర్‌కి తిరిగింది. వేలమంది డెక్కు మీదే చాపలు పరుచుకుని సుమారు వారం ప్రయాణం చేసేవారు. తరవాత ‘చిదంబరం’ అనే ఓడ వచ్చింది. 1985 ఫిబ్రవరిలో దానిలో నిప్పంటుకుని ప్రయాణికులు చనిపోయారు. దానితో ఆ ఓడ దారి ముగిసిపోయింది. మనుషులకి ముగిసిందిగాని రాళ్ళకి కాదు. నల్లని ఒంటిమీద బంగారు చుక్కలున్న మా గెలాక్సీ రాయి ఇప్పటికీ లారీల్లో రేవుకి పోయి, ఓడెక్కి చైనాకీ ఇంకా ఎక్కడెక్కడికో పోతుంది. మా ఊరి రాయి రోజుల తరబడి నీళ్ళమీద పోతుంది, మా ఊరి పిల్లలు రాత్రికి రాత్రి గాలిలో పోతారు. రాయికి దూరం తెలిసినట్టు మనకి తెలియడం మానేసిందేమోనని నా అనుమానం.

వెనకటివాళ్ళు ఎలా రాశారో చూస్తే ఈ అనుమానం బలపడుతుంది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. వెంట సుమారు వందమంది. ఏ మజిలీకి ఎన్ని ఆమడలు, దారి రాతిదా ఇసకదా, నీళ్ళు మంచివా ఉప్పువా, అంగళ్ళలో ఏం దొరుకుతాయి, పల్లకీ మోసే బోయీల పాట్లేమిటి, అన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకి ఉత్తరాలుగా రాశారు. అది ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయింది. 1941లో దిగవల్లి వెంకట శివరావుగారు మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. అందులో కాశీ ఉంది, నిజమే. కాని నాకు గుర్తుండిపోయేది కాశీకి ముందూ వెనకా ఉన్న ఊళ్ళు. ఆడవాళ్ళ సంగతికొస్తే పోతం జానకమ్మ రాఘవయ్యగారు 1870ల్లో మద్రాసు నుంచి ఓడలో ఇంగ్లండు వెళ్ళొచ్చి తెలుగులో రాసుకున్నారు, దాన్ని తానే ఇంగ్లీషు చేసి 1876లో పుస్తకం వేశారు. ఇంగ్లీషు మాట్లాడే పిల్లలూ, జేబులో ఫోనూ లేని రోజుల్లో!

“వాళ్ళకి నెలలు పట్టింది, రాశారు. మాకు నాలుగు గంటలే, ఏం రాస్తాం?” అని మీరడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. నాలుగు గంటలు తక్కువని ఎవరన్నారు?

మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది. పేరు రాస్తే కోప్పడుతుంది. భర్త పాలిషింగు యూనిట్‌లో లెక్కలు రాసి రిటైరయ్యారు. కూతురి పురిటికి సింగపూర్ వెళ్ళి రెండు నెలల పైన ఉండొచ్చింది. ఆవిడ చెప్పిన ప్రయాణం నేను పత్రికల్లో చదివిన అన్నిటికంటే బాగుంది. ఆవిడ కథ విమానంతో మొదలవదు, పెట్టెతో మొదలవుతుంది. బాలింతకి కాయం, శొంఠిపొడి, కారప్పొడులు, పాత చీరల మెత్తటి గుడ్డలు, మనవడికి ఉగ్గుగిన్నె. టికెట్టుకి ముప్పై కిలోలే. మా ఊళ్ళో లారీలు తూచే వేబ్రిడ్జీలున్నాయి గాని పెట్టె తూచేది లేదు. చివరికి చిల్లరకొట్టు కాటా మీద పెట్టి, కిలోన్నర ఎక్కువైతే తన చీరలు రెండు తీసేసి కారప్పొడి ఉంచింది. ఆ ఒక్క ముక్కలో ఆవిడ ఎవరో, ఎందుకు పోతోందో తెలిసిపోలేదూ?

తరవాత విమానం. “ఏందమ్మా నాలుగు గంటలంటారు! ఆ బెల్టు బిగించుకున్నాక మా నాయనమ్మ పోయిన కాడ్నుంచి మా పిల్ల పెళ్ళిదాకా అన్నీ తలుచుకున్నా. ఇంకా గంటన్నర మిగిలే ఉంది” అంది. పక్కనున్న కుర్రాడు నిద్రపోతుంటే లేపడం ఇష్టంలేక దాహం ఓర్చుకుంది. మంచినీళ్ళు అడిగితే డబ్బులు తీసుకుంటారేమోనని భయం. కింద చీకట్లో ఒక దీపం కనిపిస్తే పడవేమో అనుకుని, అందులోవాళ్ళు అన్నం తిన్నారో లేదో అనుకుందిట. నికోబార్ పేరు ఆవిడకి తెలియదు. కాని కింద నీళ్ళున్నాయనీ, నీళ్ళమీద మనుషులుంటారనీ తెలుసు. ఇంతకంటే సాహిత్యం ఇంకేం కావాలి?

ఇది రాయమ్మా అంటే నవ్వేసింది. “ఇయ్యన్నీ ఎవురు చదువుతారు? ఆడ చూసినయ్యి అడుగుతారు గాని.” నిజం, మనం అడిగేదీ అదే. వెళ్ళొచ్చిన మనిషిని ముందు ఏం చూశావంటాం, తరవాత ఏం తెచ్చావంటాం. ఎలా వెళ్ళావని అడగం.

ఇది సాహిత్యంలో ఒక లోపం మాత్రమే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఆ రెండో పేరా వాక్యం పత్రికలోంచి మన ఇళ్ళలోకి వచ్చేసింది. “సింగపూరేగా, నాలుగు గంటలేగా!” ఆడపిల్లని పంపేటప్పుడు ధైర్యానికి ఇదే మాట. పెళ్ళిచూపుల్లోనూ ఇదే మాట. హైదరాబాదు పోయినంతసేపు పట్టదు అంటారు, అదీ నిజమే, రైల్లో పోతే. ధైర్యానికి వాడినంతకాలం ఫరవాలేదు. ఒకసారి ఇది నిందగా మారడం కూడా చూశాను.

మాకు తెలిసిన ఇంట్లో పెద్దాయన తెల్లవారుజామున అయిదింటికి పోయారు. కొడుకు సింగపూర్‌లో. ఫోను చేశారు. అక్కడ ఏడున్నర. నాలుగు గంటలేగా, మధ్యాన్నానికల్లా వచ్చేస్తాడని బంధువులంతా కూర్చున్నారు. పగటి విమానంలో చోటు లేదు. రాత్రి విమానం దొరికింది. అది మద్రాసులో దిగేసరికి అర్ధరాత్రి కావచ్చింది, కారులో ఇల్లు చేరేసరికి మర్నాడు తెల్లవారింది. అంటే సరిగ్గా ఒక రోజు. ఐసుపెట్టెలో ఉంచారు గనక తండ్రి ముఖం చూడగలిగాడు. కాని ఆ రోజంతా అరుగుమీద మాటలు వినవలసింది. “నాలుగు గంటల దూరంలో ఉండి కూడా...” అని ఒకరు, “రావాలని ఉంటే రాలేకనా” అని ఇంకొకరు. ఆ పిల్లవాడు చాంగీలో పొద్దుటినుంచి కుర్చీలో కూర్చుని ఎన్ని విమానాలు లెక్కపెట్టాడో ఎవరికీ తోచలేదు. తోచదు. ఎందుకంటే వాళ్ళు చదివిన ఏ వ్యాసంలోనూ ఆ కుర్చీ లేదు. ఆ వ్యాసాల్లో ఎక్కగానే దిగుతారు.

అందుకని వ్యాసాలు రాసే సోదరీమణుల్ని నేను కోరేది పెద్దదేం కాదు. అంకెలు రాయండి, కాని ఎవరి అంకెలో చెప్పండి. టికెట్టుకి ఎన్ని నెలలు ఎదురుచూశారు, సెలవు ఎవరు ఎవర్ని అడిగారు, ఇంట్లో గ్యాసు కట్టేసి తాళంచెవి ఎవరికిచ్చారు, పెట్టెలోంచి ఏం తీసేశారు, ఇవన్నీ దూరంలో భాగమే. పేజీలు చాలవంటే జంతుప్రదర్శనశాలని రెండు వాక్యాల్లో తేల్చెయ్యండి. అక్కడి పులిని ఇంకెవరైనా వర్ణిస్తారు. మీ తాళంచెవిని మీరే రాయాలి. జురాంగ్ పక్షుల తోట గురించి మూడేసి పేజీలు రాసినవాళ్ళున్నారు. ఆ తోటని 2023 మొదట్లో మూసేసి పక్షుల్ని మండాయికి తరలించారు, ఆ పేజీలు పాతబడిపోయాయి. వీరాస్వామయ్యగారి ఉప్పునీళ్ళ బావి మాత్రం పాతబడలేదు.

ఇంకొక్క లోటు. మన వ్యాసాల్లో తిరుగుప్రయాణం ఉండదు. “భారమైన హృదయాలతో వీడ్కోలు తీసుకున్నాం” అని చుక్క పెట్టేస్తారు. వీరాస్వామయ్యగారు వచ్చిన దారినీ పోయిన దారంత ఓపికగానే రాశారు. మా వీధి పెద్దావిడ దగ్గర కూడా తిరుగుప్రయాణం ఉంది. వెళ్ళేటప్పుడు విమానంలో అందరూ గడియారాలు తిప్పుకుంటుంటే ఆవిడ తిప్పుకోలేదుట. ఉన్న రెండు నెలలూ కూతురు కోప్పడినా తిప్పలేదు. గోడమీద అక్కడి గడియారం ఉంది కదా, ఇది ఇంటి గడియారం అంది. దాన్ని చూసుకుని, ఇప్పుడు ఆయన కాఫీ పెట్టుకుంటుంటారు, ఇప్పుడు పాలబ్బాయి వచ్చి ఉంటాడు అనుకునేదిట. తిరిగొచ్చి మద్రాసులో దిగినప్పుడు చుట్టూ అందరూ మళ్ళీ గడియారాలు తిప్పుకుంటున్నారు. “నాదొక్కటే సరిగ్గా ఉంది” అని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది, చెప్పి, మనవడికి ఇప్పుడు ఎన్నో నెలో వేళ్ళమీద లెక్కపెడుతుంది.